మేనేజరు ఫోనెత్తని ఉదయం



2024 ఏప్రిల్‌లో ఒకరోజు, తెల్లవారి ఇంకా ఐదు కాకముందే మా ఇంటి కాలింగ్‌బెల్ మోగింది. తలుపు తీస్తే వాచ్‌మన్. "అమ్మా, పై ట్యాంకులో చుక్క లేదు. మోటారు ఆగిపోయింది" అన్నాడు. మేముండేది హైదరాబాదులో మియాపూరు వైపు. మూడు బ్లాకులు, 184 ఫ్లాట్లు. ఆ వేసవి నగరవాసులకు గుర్తుండే ఉంటుంది. బోర్లు అడుగంటిపోయి, ట్యాంకరు కోసం రోజుల తరబడి ఎదురుచూసిన వేసవి. మాకున్న మూడు బోర్లలో రెండు మార్చిలోనే ఎండిపోయాయి. ఆ పొద్దున ఆగిపోయింది మిగిలిన ఆ ఒక్క బోరు మోటారే.

మేనేజరుగారికి ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. ఆరున్నరలోగా పదకొండుసార్లు చేశాను. మెసేజి పెట్టాను. చూసినట్టు నీలం గీతలు పడ్డాయి, జవాబు రాలేదు. ఏడు గంటలకి వాచ్‌మనే తనకు తెలిసిన బోరు మెకానిక్‌ని బండి మీద ఎక్కించుకుని వచ్చాడు. ఆ మెకానిక్ మమ్మల్ని మూడు ప్రశ్నలు అడిగాడు. మోటారు ఎన్ని హెచ్‌పీ? ఎన్నడుగుల్లో దించారు? పైపులు ఎన్ని? అక్కడ ప్రెసిడెంటుగారున్నారు, ట్రెజరరుగారున్నారు, సెక్రటరీగా నేనున్నాను. ఒక్కరికీ తెలీదు. "లోతు తెలీకుండా ఎంతమందిని తెచ్చుకోవాలి, ఏ మోటారు తెచ్చుకోవాలి?" అని ఆయన గట్టు మీద కూర్చున్నాడు. ఆయన అడిగినదాంట్లో న్యాయం ఉంది.

మేనేజరుగారు పదింపావుకి వచ్చారు. కొళాయిల్లో నీళ్లొచ్చేసరికి రాత్రి తొమ్మిదయింది. ఈలోపు ఎ బ్లాకు ఐదో అంతస్తులో మంచంలో ఉన్న ఒక పెద్దాయనకి ఒళ్లు తుడవడానికి వాళ్లమ్మాయి మినరల్ వాటర్ క్యాన్లు కొనుక్కుంది. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట కూడా అనలేదు. లిఫ్టులో కనబడి తల పక్కకి తిప్పుకుంది. ఆరోజు జరిగినవాటన్నిట్లో నాకు ఎక్కువ గుచ్చుకున్నది అదే.

ఈరోజు మీతో మాట్లాడదలుచుకున్నది ఇలాంటి మేనేజరు గురించి. ఫోనెత్తరు. ఎత్తితే "చూస్తాను మేడమ్" అంటారు. తరవాత ఏమైందో చెప్పరు. మన ఊళ్లలో ఇప్పుడు ప్రతి పెద్ద అపార్టుమెంటుకీ, గేటెడ్ కమ్యూనిటీకీ ఒక ఫెసిలిటీ మేనేజరు ఉంటున్నారు. ఆయన మన ఉద్యోగి కారు. మన అసోసియేషన్ ఒక ఏజెన్సీతో ఒప్పందం చేసుకుంటే, ఆ ఏజెన్సీ పంపిన మనిషి. జీతం ఇచ్చేది వాళ్లు, పని చేయించుకోవలసింది మనం. ఈ రెండింటి మధ్య ఉన్న సందులోనే జవాబులన్నీ జారిపోతుంటాయి. నష్టం మాత్రం ఇళ్లవాళ్లది. వాళ్లు వచ్చి అడిగేది మేనేజరుని కాదు, ఓటేసి కమిటీలో కూర్చోబెట్టిన మనల్ని.

నేను 33 ఏళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. సెక్రటరీ అయ్యాక మొదటి నాలుగు నెలలూ నేను చేసిన పని ఫోన్ చేయడం, రాకపోతే మళ్లీ చేయడం, కోపం తెచ్చుకోవడం. ఒకసారి 184 ఇళ్లవాళ్లూ ఉన్న వాట్సాప్ గ్రూపులో ఆయన్ని నిలదీశాను. వెంటనే ముప్పై, నలభై మంది అందుకున్నారు. కొందరు వాడకూడని మాటలు వాడారు. మర్నాటి నుంచి ఆయన ఆ గ్రూపు తెరవడమే మానేశారు. దాంతో మాకున్న ఒక్క దారీ మూసుకుపోయింది. వయసులో నాకన్నా పాతికేళ్లు చిన్నవాడు, నలుగురి ముందు మాటపడ్డాడు. అది నేను చేసిన తప్పు. ఇది వింటున్న కమిటీ సభ్యులెవరైనా ఆ పని చేయబోతుంటే దయచేసి ఆగండి.

మోటారు సంగతి జరిగాక ఒక శనివారం పొద్దున ఎనిమిదింటికి, జనరేటరు పక్కనున్న ఆయన గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. సాయంత్రం ఆరుదాకా అక్కడే ఉన్నాను. తప్పు పట్టడానికి రాలేదనీ, ఒక రోజు పని ఎలా నడుస్తుందో చూద్దామని వచ్చాననీ ముందే చెప్పాను. ఆ పది గంటల్లో ఆయనకి 71 ఫోన్లు వచ్చాయి. నేను కాగితం మీద గీతలు పెట్టి లెక్కేశాను. పార్కింగులో అడ్డంగా పెట్టిన కారు, కొరియరు, పైఇంటి చప్పుడు, కుక్కపిల్ల, పనమ్మాయి పాసు. కమిటీలో ఏడుగురం ఉంటే ఆ రోజు ఐదుగురు ఫోన్ చేశారు. ఒకాయన తోటమాలిని ముందు లాన్ కోయమన్నారు. పావుగంట తరవాత ఇంకొకరు అదే తోటమాలిని సెల్లారు కడిగేవాళ్లకి సాయం పంపమన్నారు. సాయంత్రానికి ఆ రెండూ కాలేదు. నా కళ్ల ముందే ఆయన ఫోన్ బల్ల మీద బోర్లా పెట్టి లేచి వెళ్లిపోయారు.

మధ్యాహ్నం టీ తాగుతున్నప్పుడు అసలు సంగతి బయటికొచ్చింది. రెండు వేలు దాటిన ప్రతి ఖర్చుకీ మా కమిటీలో ఇద్దరి సంతకాలు కావాలి. మా ప్లంబరుకి డిసెంబరు నుంచి 18,400 బాకీ. బిల్లు ఒకరి దగ్గర సంతకమై, రెండోవారి బల్ల మీద ఆగిపోయింది. అందుకే ప్లంబరు రావడం మానేశాడు. "ఆ మాట మీకు చెబితే కమిటీని తప్పుపట్టినట్టవుతుంది మేడమ్. అందుకే చూస్తాను అంటున్నాను" అన్నారు మేనేజరుగారు. నాలుగు నెలలుగా నేను ఆయన నిర్లక్ష్యం అనుకున్నదాంట్లో కొంత మా చేతులతో మేమే చేసింది.

అలాగని అంతా మా తప్పే అని చెప్పను. ఆ రోజే డీజిల్ పుస్తకం తిరగేశాను. ఆరు వారాలుగా అందులో ఒక్క అంకె లేదు. బి బ్లాకు లిఫ్టుల వార్షిక నిర్వహణ ఒప్పందం ఫిబ్రవరిలో ముగిసిపోయింది. రెన్యువల్ కొటేషన్ మెయిల్‌లో అలాగే పడి ఉంది, తెరవలేదు. ప్లంబరుని పిలవలేకపోవడం వేరు, లిఫ్టు కాగితం తెరవకపోవడం వేరు. చేతులు కట్టేసి ఉండి పలకనివాడు ఒకడు, పని చేయక పలకనివాడు ఒకడు. మొదటివాడి కట్లు మనమే విప్పాలి. రెండోవాడిని కాగితం మీద పట్టుకోవాలి. మా మేనేజరుగారిలో ఆ ఇద్దరూ ఉన్నారు. చాలామందిలో ఉంటారనే నా నమ్మకం.

ముందు మా వైపు సరిచేసుకున్నాం. కమిటీ సమావేశంలో గంటన్నర వాదన జరిగాక, మేనేజరుకి పని చెప్పేది సెక్రటరీ ఒక్కరే అని తీర్మానం రాసుకున్నాం. మిగిలిన ఆరుగురూ చెప్పదలుచుకున్నది నాకు చెప్పాలి. దీనికి ఒప్పించడం తేలిక కాలేదు. "నేను కమిటీలో ఉండి వాచ్‌మన్‌కి కూడా చెప్పకూడదా" అని ఒకాయన చాలా నొచ్చుకున్నారు. నెల రోజులు చూద్దామని అడిగాను, ఒప్పుకున్నారు. తరవాత, మేనేజరు చేతిలో 15 వేలు ఉంచి, రశీదులు చూపిస్తే మళ్లీ నింపే పద్ధతి పెట్టాం. బ్యాంకులో ఇది పాత పద్ధతే. ప్లంబరు బాకీ ఆ వారమే తీర్చి, ఆయన్ని పిలిచి ఆలస్యానికి క్షమించమని అడిగాం.

రెండోది రాయడం. పని చెప్పేటప్పుడు ఎలా రాస్తున్నామన్నది మనం పట్టించుకోం. అంతకుముందు నేను పెట్టిన మెసేజి ఒకటి చెబుతాను. "బి బ్లాకు లిఫ్టు మళ్లీ ఆగింది. ఎన్నిసార్లు చెప్పాలి? కాస్త చూడండి." దీనికి ఆయన ఏమని జవాబివ్వాలి? చూస్తానని తప్ప ఇంకేమీ అనలేరు. తరవాత రాసింది వినండి. "బి బ్లాకు రెండో లిఫ్టు నిన్న సాయంత్రం 6.40కి మూడో అంతస్తు దగ్గర ఆగింది. ఈ నెలలో నాలుగోసారి. లిఫ్టు కంపెనీలో ఫిర్యాదు చేసి, ఆ నంబరు రేపు మధ్యాహ్నం 12 లోపల నాకు పంపండి. మెకానిక్ వచ్చి చూసేదాకా ఆ లిఫ్టు ఆపేసి బోర్డు పెట్టించండి. ఐదు వేల దాకా ఖర్చుకి అనుమతి ఇస్తున్నాను." ఇందులో కోపం లేదు, ఏ పని, ఎప్పటికి, ఎంతలో అన్నది ఉంది. నంబరు వస్తే వచ్చినట్టు, రాకపోతే రానట్టు. ఈ మెసేజికి జవాబివ్వకుండా ఉండటం చాలా కష్టం. ఇస్తే పని ముందుకు కదులుతుంది. ఇవ్వకపోతే, నెలాఖరున ఏజెన్సీకి పంపే ఉత్తరంలో అది ఒక తేదీ అవుతుంది.

ఒక చిన్నమాట. ఫోన్లో చెప్పక తప్పనివి ఉంటాయి. లిఫ్టులో మనిషి ఇరుక్కుంటే, మంటలొస్తే, తడిగోడ ముట్టుకుంటే షాక్ కొడితే మెసేజి రాస్తూ కూర్చోకూడదు. ఆ మూడింటికీ మేనేజరు కోసం ఎదురుచూడకుండా ఎవరు ఎవర్ని పిలవాలో గేటు దగ్గర పెద్ద అక్షరాలతో రాయించి పెట్టాం. లిఫ్టు కంపెనీ అత్యవసర నంబరు, 101, 112. రాత్రి డ్యూటీ వాచ్‌మన్‌కి చదువు రాదు. అతనికి అవి ఫోన్లో ఫొటోలతో పెట్టిచ్చింది మా సి బ్లాకు పిల్లలు.

మూడోది, ఒప్పందం చదవడం. ఏజెన్సీతో చేసుకున్న ఒప్పందం 14 పేజీలు, బీరువాలో ఉంది. అప్పటికి కమిటీలో ఉన్న ఏడుగురిలో దాన్ని చదివినవాళ్లు లేరు, నాతో సహా. చదివితే, ప్రతినెలా 5వ తేదీలోగా పని నివేదిక ఇవ్వాలని ఉంది. మేము ఒక్క నెలా అడగలేదు, వాళ్లు ఒక్క నెలా ఇవ్వలేదు. మేనేజరు స్పందించకపోతే పై అధికారి ఎవరు, ఆయన పైన ఎవరు అన్నదీ అందులో ఉంది. గార్డు రాకపోతే ఎంత కోసుకోవచ్చో, మాకిష్టం లేకపోతే 60 రోజుల నోటీసుతో ఎలా విరమించుకోవచ్చో, అన్నీ ఉన్నాయి. మా దగ్గర ఉన్న ఆయుధాన్ని మేమే తాళం వేసి పెట్టుకున్నాం.

ఆ మే నెల నుంచి సోమవారం పొద్దున ఇరవై నిమిషాలు మేనేజరుగారూ నేనూ కలిసి నడవడం మొదలుపెట్టాం. కూర్చుని మాట్లాడితే ఒకటి తెలుస్తుంది, నడిస్తే పది తెలుస్తాయి. రెండో సోమవారమే ఫైర్ పంపుల గదిలోకి వెళ్లాం. పంపుల ప్యానెల్ ఆటోలో ఉండాలి. అప్పుడే పైపుల్లో ఒత్తిడి తగ్గగానే పంపు తనంతట తాను మొదలవుతుంది. మాది మాన్యువల్‌లో ఉంది. ఎక్కడో చిన్న లీకు ఉండి, ఒత్తిడిని నిలబెట్టే జాకీ పంపు అర్ధరాత్రి మాటిమాటికీ మోగుతోందని ఎవరో తిప్పేశారట. ఎన్ని నెలలైందో ఎవరికీ తెలీదు. అంటే ఆ నెలలన్నీ ఏ వంటింట్లోనైనా మంట లేచి ఉంటే హోస్ పైపు విప్పినా నీటికి ఒత్తిడి ఉండేది కాదు. ఇలాంటివాటికి ఎవరూ ఫిర్యాదు చేయరు. మేనేజరు జవాబివ్వలేదన్న మాట కూడా రాదు, ఎందుకంటే ఎవరూ అడగరు. నడకలో చూస్తేనే కనబడతాయి.

ఫిర్యాదుల రిజిస్టరు గురించి కూడా చెప్పాలి. మాకు ఫ్లాట్లు అప్పగించింది 2020లో. 2016 నాటి రెరా చట్టం ప్రకారం, ఫ్లాటు అప్పగించిన ఐదేళ్లలోపు నిర్మాణంలోగానీ పనితనంలోగానీ లోపం బయటపడి, దాన్ని బిల్డరు దృష్టికి తెస్తే, 30 రోజుల్లో ఆయన తన ఖర్చుతో సరిచేసి ఇవ్వాలి. మా ఇళ్లలో గోడల చెమ్మ, బాల్కనీ లీకుల గురించి ఏళ్లుగా జనం మేనేజరుగారి ఫోనుకి మెసేజిలు పెడుతూనే ఉన్నారు. ఆయన ఎక్కడా రాసుకోలేదు, బిల్డరుకి పంపలేదు. ఐదో ఏడు దగ్గరపడుతోంది. మేము ఇల్లిల్లూ తిరిగి 37 ఫిర్యాదులు పోగు చేసి, ఫొటోలతో, తేదీలతో రిజిస్టర్డ్ పోస్టులో పంపాం. అన్నీ సరికాలేదు. 22 అయ్యాయి. ఒక్క ఏడాది ఆలస్యమైతే ఆ 22 ఇళ్ల ఖర్చూ ఆ ఇళ్లవాళ్ల నెత్తిన పడేది.

ఇక నేను అన్నిటికన్నా గట్టిగా చెప్పాలనుకుంటున్న సంగతికి వస్తున్నాను. వర్షాకాలంలో మా మురుగునీటి శుద్ధి ప్లాంటు నుంచి దుర్వాసన మొదలైంది. ట్యాంకు అడుగున బురద పేరుకుపోయింది. నేను రాసిన మూడు మెసేజిలకీ మేనేజరుగారు "కాంట్రాక్టరు వస్తానన్నాడు" అనే రాశారు. కాంట్రాక్టరు రాలేదు. కింది ఇళ్లవాళ్లు కిటికీలు తీయలేకపోతున్నారు. విసిగిపోయి కమిటీలో ఒకరు, చాలా మంచివారే, ఒక సలహా చెప్పారు. ఇద్దరు మనుషులు దొరుకుతారు, తలా మూడు వేలిస్తే లోపలికి దిగి ఒక పూటలో తోడేస్తారు, మేనేజరుతో పనేముంది, అని.

ఆ రోజు నేను గొంతు పెంచాను. ఇప్పటికీ అందుకు బాధపడటం లేదు. మూసి ఉన్న ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ చేరుతుంది. అది గాలికన్నా బరువు, అడుగునే ఉంటుంది. కొంచెం ఉన్నప్పుడు కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కు ఆ వాసన పట్టడం మానేస్తుంది. దిగినవాడు వాసన లేదు, ఫరవాలేదు అనుకుంటాడు. ఆ క్షణంలోనే పడిపోతాడు. అతన్ని లాగడానికి రెండోవాడు దిగుతాడు. పేపర్లో మనం చదివే ఆ వార్తల్లో తరచూ ఇద్దరో ముగ్గురో కలిసి పోవడం అందుకే. 2013లో వచ్చిన చట్టం ప్రకారం మురుగు ట్యాంకుల్లోకి రక్షణ పరికరాలు లేకుండా మనిషిని దించడం నేరం. నేరుగా పెట్టుకున్నా, మధ్యలో ఇంకొకరి ద్వారా పెట్టుకున్నా నేరమే. మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. అలా చనిపోయినవారి కుటుంబాలకి ఇచ్చే పరిహారాన్ని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు 10 లక్షల నుంచి 30 లక్షలకి పెంచింది. ఈ అంకెలు భయపెట్టడానికి చెప్పడం లేదు. మేనేజరు పలకడం లేదన్న విసుగులో మనం చేసే అడ్డదారి పని ఎవరి ప్రాణం మీదికి వస్తుందో చూడమని చెబుతున్నాను. నీళ్లు రాకపోతే మనం క్యాన్లు కొనుక్కుంటాం. ఆ ట్యాంకులోకి దిగేవాడికి కొనుక్కోడానికి ఏమీ ఉండదు.

సక్షన్ యంత్రం ఉన్న లారీ వచ్చేసరికి ఇంకో తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ వాసన భరించాం. కింది ఇళ్లకి స్వయంగా వెళ్లి ఎందుకు ఆలస్యమవుతోందో చెప్పాను. విన్నాక ఒక్కరూ కాదనలేదు.

వానలు తగ్గేదాకా పని బాగానే నడిచింది. అక్టోబరు నుంచి మళ్లీ జవాబులు తగ్గాయి. నివేదిక రావడం ఆగింది. సోమవారం నడకకి ఆయన రెండుసార్లు రాలేదు. ఈసారి గ్రూపులో రాయలేదు, ఆయన గదికీ వెళ్లలేదు. మెట్లు తుడిచే ఆమె దగ్గర కూర్చున్నాను. ఏమ్మా, ఒంట్లో బాగుందా అని అడిగితే ఆమె చీపురు పక్కన పెట్టింది. "రెండు నెల్లాయె మేడమ్, పైసలు పడలే. సారుకి గూడ పడలేదంట" అంది. మేము ప్రతినెలా ఏజెన్సీకి బిల్లు కడుతున్నాం. ఆ డబ్బు 26 మంది పనివాళ్ల దాకా చేరడం లేదు, మేనేజరుగారి దాకా కూడా చేరడం లేదు. రెండు నెలలు జీతం లేని మనిషిని నేను నివేదిక ఎందుకు ఇవ్వలేదని అడుగుతున్నాను.

అప్పుడు ఏజెన్సీని పీఎఫ్ చలాన్లు, ఈఎస్ఐ చలాన్లు అడిగాం. పీఎఫ్ ప్రతి నెలా 15లోగా కట్టాలి. ఎవరి పేరున ఎంత కట్టారో పేర్లతో సహా జాబితా వస్తుంది. ఏజెన్సీ బిల్లుతో పాటు ఆ జాబితా అడగడం మీ హక్కు అనుకోండి, దాన్ని ఒప్పందంలోనే రాయించుకోండి. మాకు వచ్చిన జాబితాలో 26 మందికి 11 పేర్లే ఉన్నాయి. ఏజెన్సీ డైరెక్టరుకి తేదీలన్నీ వేసి ఉత్తరం రాశాం. ఆయన వచ్చి చాలా మర్యాదగా మాట్లాడి వెళ్లారు. జీతాలు పడలేదు.

జనవరిలో జనరల్ బాడీ పెట్టి ఏజెన్సీని మార్చాలని తీర్మానించి, 60 రోజుల నోటీసు ఇచ్చాం. చివరి బిల్లు చెల్లించడానికి ఒకటే షరతు పెట్టాం. పనివాళ్ల జీతాలు ముందు, మా సంతకం తరవాత. మార్చి నెలలో మొత్తం బాకీ వాళ్ల ఖాతాల్లో పడింది. కొత్త ఏజెన్సీ, ఉండాలనుకున్న పాతవాళ్లందరినీ తీసుకోవాలని ఒప్పందంలో రాయించాం. 21 మంది ఉండిపోయారు.

మేనేజరుని మార్చడం కన్నా ఆయన చేతిలో ఉన్నవి తీసుకోవడం పెద్ద పని. తాళాలు, వారంటీ కార్డులు, విద్యుత్ ప్యానెళ్ల డ్రాయింగులు, సీసీ కెమెరాల పాస్‌వర్డ్, లిఫ్టు గది తాళంచెవి, అన్నీ ఒక్కరి దగ్గరే ఉంటాయి. మా అసోసియేషన్ ఈమెయిల్ ఏజెన్సీ మనిషి సొంత ఫోన్ నంబరు మీద తెరిచి ఉందని అప్పుడు తెలిసింది. దాంతో ఇంకో నష్టం బయటపడింది. గ్రేటర్ హైదరాబాదు పరిధిలో ఇంటికి నెలకి 20 వేల లీటర్ల దాకా ఉచితంగా మంచినీళ్లిచ్చే పథకం 2021 జనవరిలో మొదలైంది. దానికి మీటరు పనిచేయాలి, అపార్టుమెంట్లలో ఫ్లాటు ఫ్లాటుకీ ఆధార్ అనుసంధానం కావాలి. మావాళ్లలో చాలా ఇళ్లు ఆ పని చేయనే లేదు. గుర్తుచేస్తూ వచ్చిన మెయిళ్లు ఆ పెట్టెలోనే, ఎవరూ చూడకుండా ఉన్నాయి. కట్టనక్కరలేని నీటి డబ్బు ఇన్నేళ్లు కట్టారు. పింఛను మీద బతికే ఇళ్లు అందులో ఎన్ని ఉన్నాయో నాకు తెలుసు. అందుకని మీ అసోసియేషన్ ఈమెయిల్, బ్యాంకు మెసేజిలు వచ్చే ఫోన్ నంబరు, రెండూ అసోసియేషన్ పేరునే ఉన్నాయా అన్నది ఈ వారమే చూసుకోండి. నెల చివరిదాకా ఆగకండి.

పాతవాళ్లనీ కొత్తవాళ్లనీ ఒక వారం కలిపి పనిచేయించాం. ఆ వారం జీతం రెండు ఏజెన్సీలకీ ఇవ్వాల్సి వచ్చింది. కొందరు దండగ అన్నారు. కాదని నా అభిప్రాయం.

మార్చి 31 సాయంత్రం మా పాత మేనేజరుగారు మా ఇంటికి వచ్చారు. మూడేళ్లు పనిచేసినా అంతకుముందు ఎప్పుడూ మా గుమ్మం తొక్కలేదు. జీతం బాకీ వచ్చినందుకు థాంక్స్ చెప్పి, సంచిలోంచి ఒక పొడుగాటి నోటుబుక్కు తీశారు. "ఇది కంపెనీది కాదు మేడమ్, నేను నాకోసం రాసుకున్నది. ఇక్కడే ఉంటే పనికొస్తుందని" అన్నారు. కాఫీ తాగమంటే వద్దని వెళ్లిపోయారు.

రాత్రి కూర్చుని తిరగేశాను. చక్కటి గుండ్రటి చేతిరాత. సి బ్లాకు 204 వంటింటి నీళ్లు ఆపాలంటే వాల్వు 104 షాఫ్టులో ఉంటుంది. బి బ్లాకు సెల్లారులో ఏడో స్తంభం పక్కనున్న మూత తెరిస్తే వాననీటి పైపు. జనరేటరు బ్యాటరీ ఎప్పుడు మార్చారు, ఇంకుడు గుంతలు ఎన్ని, ఎక్కడెక్కడ. ఎనభై పేజీల పైన ఉంది. మొదటి పేజీలో మూడు బోర్ల వివరాలు. మూడో బోరు, మోటారు 10 హెచ్‌పీ, ఇరవై అడుగుల పైపులు 32, లోతు 640 అడుగులు. పక్కన దించిన తేదీ. 2022 జూన్.

ఆ పొద్దున బోరు గట్టు మీద మేము ముగ్గురం ఏమీ చెప్పలేక నిలబడ్డప్పుడు, ఈ పుస్తకం జనరేటరు పక్క గదిలో బల్ల సొరుగులో ఉంది. సెక్రటరీగా నేను ఆయన్ని ఎన్నో అడిగాను. ఇది ఎందుకు కాలేదు, అది ఎప్పుడవుతుంది అని. మీ దగ్గర ఏం రాసి ఉందని ఏడాదిలో ఒక్కసారీ అడగలేదు.

ఆ పుస్తకానికి మూడు కాపీలు తీయించాం. ఒకటి గేటు దగ్గర ఉంటుంది, రాత్రి డ్యూటీవాళ్ల చేతికి అందేలా.